కడగని కత్తి

నన్నే సాహెబ్ పని మధ్యలో కత్తి కడగడు. కొమ్మ కోశాక లుంగీ అంచుకి అటొకసారి ఇటొకసారి తుడిచి తరువాతి చెట్టు దగ్గరికి వెళతాడు. పొద్దున మొదటి చెట్టుకి తగిలిన కత్తి సాయంత్రం చివరి తోట దాకా తడి చూడదు. ఇంటికొచ్చాకే నీళ్లు, ఆ తరువాతే సానరాయి. మధ్యలో కడిగితే నీళ్లతోపాటు హస్తవాసి కూడా పోతుందని అతని తండ్రి అనేవాడు. ఊరు కూడా అదే నమ్మింది. ఎవరైనా పొరపాటున నీళ్లచెంబు కత్తి దగ్గర పెడితే చూసినవాళ్లే పక్కకి జరిపేవాళ్లు.

ఆ ఊరు సత్తెనపల్లి నుంచి బస్సులో అరగంట. చుట్టూ మిరప, పత్తి. మొన్నమొన్నటిదాకా చెట్టు అన్నది గట్ల మీదా, ఇళ్ల ముందరా ఉండేది. పెరట్లో జామ, బోరు దగ్గర నిమ్మ, వాకిట్లో మామిడి. అంటు కట్టాలన్నా, ఎండుపుల్ల తీయాలన్నా నన్నే సాహెబ్‌ని పిలిచేవాళ్లు. అతను ముందు చెట్టు చుట్టూ తిరిగేవాడు. ఆకు వెనక్కి తిప్పి చూసేవాడు. మామిడాకు నల్లగా మసి పట్టి ఉంటే పైన తేనెమంచు పురుగు ఉందని చెప్పేవాడు. నిమ్మ మొదట్లో బంక కారుతుంటే నీళ్లు కాండానికి తగలనీయొద్దని, మొదలు చుట్టూ మట్టి ఎగదోయమని చెప్పేవాడు. చర్చి ముందు కుండీల్లో క్రోటన్ ఆకులు మచ్చలు పడి రాలిపోతుంటే పాస్టరు గారు కూడా అతన్నే పిలిపించారు. సాయిబు చెయ్యి పడితే చిగురేస్తుందనేవాళ్లు. చాలావాటికి వేసేది. వేయనివాటిని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

మిరపకి నల్ల తామర పురుగు పట్టిన ఏడు పూతంతా పూతగానే రాలింది. మందు మీద మందు కొట్టి, చివరికి మొక్కలు పీకి గట్టున పడేశారు. మరుసటి ఏడు అంకమ్మరావు ఆ చేలోనే నిమ్మ పెట్టాడు. అతనికి పొలం ఎక్కువ, మాట పెద్దది. అతన్ని చూసి మరికొందరు పెట్టారు. నన్నే సాహెబ్ చెల్లెలు జైతున్‌బీ కూడా పెట్టింది. భర్త పోయాక ఆమెకి మిగిలింది ఊరి చివర ఉన్న ఆ పొలం చెక్క ఒక్కటే. మొదట పెట్టిన మొక్కలు నీళ్లందక ఎండిపోతే మళ్లీ తెచ్చి నాటింది. అందుకని ఆమె తోట మిగతా వాటికంటే వెనకబడింది.

లేత తోటకి మొదటిసారి కత్తి పెట్టడాన్ని ఆ ఊళ్లో తొలికత్తి అంటారు. కింద మొలిచిన నీరుకొమ్మలు తీసి, చెట్టుకి గొడుగులాంటి రూపం ఇవ్వడం అందులో పని. కానీ దాన్ని పనిగా ఎవరూ చూడరు. తోటగలవాళ్లు తలకి పోసుకొని గట్టు మీద నిలబడతారు. కత్తి పట్టినవాడికి కొత్త తువ్వాలు ఇస్తారు. నిరుడు అంకమ్మరావు తోట మొదలుకొని, జైతున్‌బీది తప్ప అన్ని తోటలకీ తొలికత్తి నన్నే సాహెబే పెట్టాడు. కోసిన కొమ్మలు ఏరి గట్టున వేసే పని జక్రయ్యది. ఇద్దరూ ఒక ఈడువాళ్లు. చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు ఒరే అనుకునే మనుషులు.

ఈ ఏడు మే నెలలో అంకమ్మరావు మళ్లీ కబురు పెట్టాడు. ఆకుల మీద ఏవో మచ్చలున్నాయని, వానలు పడేలోగా చెట్లు ఒకసారి చూసి చెడ్డ పుల్లలు తీసేయమని. నన్నే సాహెబ్, జక్రయ్య వెళ్లేసరికి తోటలో జక్రయ్య కూతురు మహిమ ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లకి ఉద్యానశాఖ తరఫున తోటలు చూసి పోయే ఉద్యోగం ఆమెది. ఒక కొమ్మ వంచి పట్టుకొని ఉంది.

"బాబాయ్, ఇదేంటంటావు?"

నన్నే సాహెబ్ చూశాడు. ఆకు మీద గోధుమరంగు మచ్చలు.

"మంగు నల్లి. ఎండకి వచ్చుద్ది. నిరుడు కూడా చూశా."

"మంగైతే మచ్చ నున్నగానే ఉంటది కదా. వేలితో తడిమి చూడు."

తడిమాడు. మచ్చ పైకి లేచి గరుకుగా ఉంది. చుట్టూ సన్నటి పసుపు వలయం. పుల్ల మీదా అదే, పిందె మీదా అదే.

"గజ్జి తెగులు బాబాయ్. పురుగు కాదు. కంటికి కనపడని క్రిమి. ఆకు తడిగా ఉన్నప్పుడు పాకుద్ది. ఎక్కడ గాయం ఉంటే అక్కడ లోపలికి పోద్ది."

"ఎవురెవురి తోటల్లో ఉంది?"

మహిమ తాను చూసిన తోటలు ఒక్కొక్కటే చెప్పింది. అంకమ్మరావుది, దాని పక్కది, కాలవ అవతలిది, ఆ పైది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది. నన్నే సాహెబ్ కత్తి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆమె చెప్పిన వరుస, అతను నిరుడు కత్తి పెట్టుకుంటూ వెళ్లిన వరుస ఒకటే. నిరుడు అంకమ్మరావు తోటలో మొదలుపెట్టిన రోజు తెల్లవారుజామున జల్లు పడింది. ఆకులు తడిగా ఉన్నాయి. అతనికి అదీ గుర్తొచ్చింది.

"వానకి కూడా వచ్చుద్ది బాబాయ్," అంది మహిమ. "గాలి వాటుకి వచ్చుద్ది. మొక్కలు తెచ్చిన నర్సరీలోనే ఉండొచ్చు. నీ కత్తి ఒక్కటే అని ఎవరూ చెప్పలేరు."

"జైతున్ తోట?"

"మొన్న చూశా. శుభ్రంగా ఉంది. ఒక్క ఆకు కూడా లేదు."

"దానికి నేనింకా కత్తి పెట్టలా."

మహిమ పట్టుకున్న కొమ్మ వదిలేసింది.

"వానకీ గాలికీ నేను చెప్పలేను బాబాయ్. కత్తికి చెప్పగలను. బ్లీచింగ్ నీళ్లు కలుపుకో. చెట్టు చెట్టుకీ ముంచు. ఆకు ఆరినాకే కోయి. కోసింది గట్టున వేయకుండా కాల్చేయండి. ఆ తరువాత రాగి మందు కొట్టించు."

మరునాడు అతను బకెట్‌లో బ్లీచింగ్ కలుపుకొని అంకమ్మరావు తోటకి వెళ్లాడు. మచ్చ పుల్ల కోసి, కత్తి ముంచి, ఇంకో చెట్టుకి వెళ్లాడు. ముంచినప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. జక్రయ్య పుల్లలన్నీ ఒకచోట పోగేసి నిప్పు పెట్టాడు. పచ్చి నిమ్మాకు పొగ చేను మీద పరుచుకుంది. పొగ చూసి అంకమ్మరావు వచ్చాడు.

"ఏంది సాయిబూ ఈ వాసన?"

"బ్లీచింగ్ అన్నా."

"పంచాయతీవోళ్లు మురిక్కాలవల్లో చల్లేదా? నా తోటలోనా?"

"చల్లటం లేదన్నా. కత్తికి."

అంకమ్మరావు బకెట్ చూశాడు, కత్తి చూశాడు.

"నా చెట్టు కోసి కత్తి కడుక్కుంటున్నావా?"

"కడుక్కోవటం కాదు. తెగులు పక్క చెట్టుకి..."

"ఎన్నాళ్లబట్టి కోస్తన్నావు సాయిబూ నువ్వు. ఎవుడి తోటలోనన్నా కడిగావా? నా తోట కాడికి వచ్చేసరికి కడగబుద్ధయిందా? ఏం, నా చెట్టుకేమన్నా అంటు ఉందా?"

"రోగం ఉందన్నా చెట్టుకి."

"నువ్వు కత్తి పెట్టకముందు లేదుగా మరి."

ఆ మాట అతను ఎత్తిపొడుపుగానే అన్నాడు. అంకమ్మరావు కాలితో బకెట్ పక్కకి తోశాడు. నీళ్లు పాదులోకి పోయాయి. మిగతా చెట్లు వేరేవాడు చూసుకుంటాడులే అన్నాడు. మంట ఆర్పించి, కాలని పుల్లలు గట్టు మీదికి లాగించాడు.

ఇంటికి పోతుంటే జక్రయ్య చాలాదూరం నవ్వుతూనే ఉన్నాడు. నన్నే సాహెబ్‌కి చిరాకు వేసింది.

"ఏందిరా ఆ నవ్వు?"

"నా చిన్నప్పుడు టీ కొట్లో మా గ్లాసు వేరే ఉండేది. తాగినాక మేమే కడిగి గోడకాడ బోర్లించి రావాలి. ఆ కొట్టు వీళ్ల నాయనదే. ఇయ్యాల తన చెట్టు తగిలిన కత్తి కడిగితే ఆయన కొడుక్కి ఒళ్లు మండింది." కొంచెం దూరం నడిచి మళ్లీ అన్నాడు. "మండుద్దిరా. కడిగించుకున్నోళ్లకి తెలుసు అది ఎట్టా ఉంటదో. వాళ్లకి ఇయ్యాలే తెలిసింది."

ఆ సాయంత్రం జైతున్‌బీ వచ్చింది. చేతిలో కవరు, అందులో కొత్త తువ్వాలు. అన్న వాకిట్లో కూర్చొని ఉన్నాడు. పక్కనే కూర్చుంది.

"అన్నా, శుక్రవారం రా. నమాజుకి పోకముందే అయిపోద్ది. పూత మీదుంది. వానలొచ్చేలోగా పెట్టెయ్యాల."

"తోట బాగుందా?"

"నువ్వే చూద్దువుగా. ఊళ్లో ఏ తోటా అట్టా లేదు. తెనాలి షావుకారు మనిషి చూసిపోయాడు. కాయకి మచ్చ లేకపోతే మొత్తం తీసుకుంటానన్నాడు." ముక్కు ఎగబీల్చింది. "ఏందన్నా నీ ఒంటి మీద ఆ కంపు? మరుగుదొడ్లు కడిగినట్టు."

అతను చెప్పకుండా ఉండవచ్చు. తెల్లారి ఇంట్లోనే కత్తి ముంచి, తుడిచి, లుంగీలో దోపుకొని వెళ్లవచ్చు. ఆ రోజు ఆమె తోట తప్ప ఇంకో తోటకి వెళ్లకపోతే సరిపోతుంది. చెల్లెలికి తెలిసేది కాదు. అంతా ఆలోచించాడు. కానీ ఆమె ఎదురుగా కూర్చొని అడిగింది. అతను జీవితంలో ఆమెకి అబద్ధం చెప్పలేదు. ఆ అలవాటు లేకపోవడమే అడ్డం వచ్చింది.

మొత్తం చెప్పాడు. తోటల వరుస, తడి ఆకులు, కత్తి.

జైతున్‌బీ చాలాసేపు తువ్వాలు కవరు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చుంది.

"అయితే నా తోటకి రావా?"

"వస్తా. కత్తి బ్లీచింగ్‌లో ముంచి పెడతా. చెట్టు చెట్టుకీ ముంచుతా."

"తొలికత్తికి కడిగిన కత్తా?"

"కడిగితేనే మంచిది జైతూ."

"ఊరందరికీ పొడి కత్తి పెట్టావు. ముండమోసినదాని తోటకి వచ్చేసరికి దొడ్లు కడిగే నీళ్లలో ముంచి పెడతావా? నా తోటలో ఏం తక్కువ చూశావన్నా?"

"తక్కువ చూసి కాదు. అందరికంటే నీదే బాగుంది కాబట్టి."

"బాగున్నదాన్ని ఎవురన్నా కడుగుతారా?"

ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్లి తిరిగింది.

"నాకు చెప్పావు. ఊళ్లో చెప్పావా? వాళ్లకి తెలియొద్దా వాళ్ల తోటలు ఎవురివల్ల పోయినయ్యో?"

తువ్వాలు తనతోనే తీసుకుపోయింది.

ఈ సంగతి తెలిసి జక్రయ్య తల కొట్టుకున్నాడు. "ఇంటికాడ ముంచుకొని చప్పుడు చేయకుండా పోయి పెట్టి రావచ్చుగదరా. ఎవుడడిగాడు నిన్ను?" అన్నాడు. నిజమే. ఆ తోటని కాపాడాలంటే ఒక చిన్న అబద్ధం సరిపోయేది.

చెల్లెలి మాట అతన్ని వదల్లేదు. రెండో రోజు పొద్దున టీ కొట్టు దగ్గర నలుగురూ ఉన్నప్పుడు చెప్పేశాడు. గజ్జి తెగులు తన కత్తి వెంట తోట నుంచి తోటకి పోయి ఉంటుందని, ఇకమీదట ఎవరితో కోయించినా కత్తి మందునీళ్లలో ముంచమనండని. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

అంకమ్మరావు గ్లాసు కింద పెట్టాడు.

"విన్నారుగా. నోటితోనే ఒప్పుకున్నాడు. చెయ్యి చెడిందని నేను మొన్ననే అన్నా."

"చెయ్యి కాదంట రావుగారూ, కత్తంట," అన్నాడొకడు.

"కత్తికి కాళ్లొచ్చి నడిచి వచ్చిందా నా తోటలోకి?"

అందరూ నవ్వారు. నన్నే సాహెబ్ కూడా ఏం చేయాలో తెలియక నవ్వబోయాడు.

"చెయ్యి ఎవరిదైనా సరే అన్నా. ముంచితే చాలు. మహిమని అడగండి, చెప్పుద్ది."

"ఎవురు, జక్రయ్య కూతురా?" అన్నాడు అంకమ్మరావు. ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం అక్కడ ఎవరికీ కనిపించలేదు.

అతను చెప్పిన రెండు మాటల్లో ఊరు ఒకటి తీసుకుంది, ఒకటి వదిలేసింది. సాయిబు వల్ల తెగులు వచ్చిందన్నది తీసుకుంది. కత్తి ముంచమన్నది వదిలేసింది. చెయ్యి చెడ్డప్పుడు కావలసింది బ్లీచింగ్ కాదు, ఇంకో చెయ్యి. పిడుగురాళ్లలో అయూబ్ అని ఒకతను ఉన్నాడని, అతను పెట్టిన తోటలు విరగకాస్తున్నాయని ఎవరో చెప్పారు. అంకమ్మరావు ఫోన్ చేయించాడు.

అయూబ్ బండి మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, మర్యాద తెలిసినవాడు. కత్తి మెరుస్తూ ఉంది. అంకమ్మరావు తోట పూర్తిచేసి, పక్క తోటలు చేసుకుంటూ వచ్చాడు. మహిమ ఒక తోట గట్టు మీద అతన్ని ఆపి చెప్పి చూసింది. అలాగేనమ్మా, తప్పకుండా అన్నాడట. ఆమె బండి మలుపు తిరిగాక కత్తి ప్యాంటుకి తుడుచుకున్నాడట. జక్రయ్య చూశాడు. ఇప్పుడు అతను అయూబ్ దగ్గర పుల్లలు ఏరుతున్నాడు. పని పని కదరా అన్నాడు నన్నే సాహెబ్‌తో, మొహం చూడకుండా.

జైతున్‌బీ కూడా అయూబ్‌ని పిలిచిందని జక్రయ్యే చెప్పాడు.

ఆమె తోటకి తొలికత్తి పెట్టే రోజు పొద్దున నన్నే సాహెబ్ బకెట్ పట్టుకొని చెల్లెలి తోటకి వెళ్లాడు. ముందురోజు సాయంత్రం తొలి వాన పడింది. ఆకుల నుంచి ఇంకా నీళ్లు రాలుతున్నాయి. తోట నిజంగానే బాగుంది. ఆకు ముదురాకుపచ్చగా, నున్నగా, ఎక్కడా చుక్క లేకుండా ఉంది. జైతున్‌బీ తలస్నానం చేసి గట్టు మీద నిలబడి ఉంది. కొత్త తువ్వాలు అయూబ్ భుజం మీద ఉంది. అతను కాలవ అవతలి తోటలో చివరి వరుస ముగించుకొని అప్పుడే ఇటు దాటాడు.

నన్నే సాహెబ్ గట్టు ఎక్కకుండా కిందనే నిలబడ్డాడు.

"అయూబ్ భాయ్. ఒక్కసారి ఇందులో ముంచి పెట్టు. ఒక్కసారి చాలు."

అయూబ్ ఇబ్బందిపడ్డాడు. "నాదేముంది పెద్దాయనా. తోటగలామె ఎట్టా చెప్తే అట్టా." జైతున్‌బీ వైపు చూశాడు.

"అన్నా, పో ఇక్కణ్ణుంచి," అంది ఆమె. గొంతులో కోపం లేదు. పనివాళ్లతో మాట్లాడినట్టు ఉంది. "మంచి పని జరుగుతుంది. ఆ నీళ్లు నా తోటలోకి తేవొద్దు."

"ఇయ్యాల ఆపు జైతూ. ఆకు ఆరనీ. రేపు పెట్టించు. పొద్దున్నే ముందు నీ తోటే చేయమను. నేను రాను. బకెట్టూ తేను."

"వాన పడినాక తొలికత్తి పెడితే చిగురు బాగా వచ్చుద్దంట. అయూబ్ భాయ్ చెప్పాడు."

అయూబ్ తల వంచుకొని మొదటి చెట్టు దగ్గరికి నడిచాడు. కత్తి తువ్వాలుకి తుడిచాడు. నీరుకొమ్మ పట్టుకొని కోశాడు. శుభ్రమైన కోత. దాని మీద ఆకుల నుంచి నీటిచుక్కలు పడ్డాయి. రెండో చెట్టు, మూడో చెట్టు. జక్రయ్య పుల్లలు ఏరుతూ ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. నన్నే సాహెబ్ కత్తి వెంట చూపు పోనిస్తూ వరుస చివరిదాకా నిలబడ్డాడు. ఆ తరువాత బకెట్ రోడ్డు పక్కన కుమ్మరించి ఇంటికి వెళ్లాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పత్తి బాగుంది, మిరప నారు బాగుంది అన్నారు. అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. సత్తెనపల్లిలో ఒక నర్సరీలో కుండీలకి మట్టి నింపే పని దొరికితే బస్సులో వెళ్లి వచ్చేవాడు.

చిగురు ముదిరే రోజుల్లో, ఒక ఆదివారం జైతున్‌బీ వచ్చింది. వాకిట్లోకి వచ్చింది గానీ కూర్చోలేదు. కొంగు ముడి విప్పి ఒక పుల్ల తీసి అతని ముందు పెట్టింది. పుల్ల మీద, ఆకుల మీద, గోళీకాయంత పిందె మీద గరుకుగా లేచిన మచ్చలు. చుట్టూ పసుపు.

"ఏందిది?"

"గజ్జి."

"ఎక్కడెక్కడ ఉందో తెలుసా? కోసిన చోటల్లా ఉంది. వరుసంతా ఉంది."

అతను పుల్ల తిప్పి చూస్తున్నాడు.

"షావుకారు మనిషి నిన్న వచ్చి చూశాడు. దిగను కూడా దిగలా. బండి మీద నుంచే చూసి పోయాడు."

"మచ్చపడ్డది కోసి కాల్చాల జైతూ. ఆకు ఆరినాక. రాగి మందు కొడితే కొత్త చిగురన్నా..."

"నీకిప్పుడు బాగుందా?"

అతను తల ఎత్తాడు.

"ఆ రోజు గట్టు కింద నిలబడి చూశావే. అయూబ్ వెంబడే చూశావు, చెట్టు చెట్టుకీ. తోడబుట్టినోడి చూపులా లేదు అది. వచ్చుద్ది చూడు, వచ్చుద్ది చూడు అన్నట్టుంది. వచ్చింది."

"నేను కోరుకోలా."

"సరే."

"జైతూ, వినవే. నేను వచ్చి కోస్తా. నాకేమీ వద్దు."

"అయూబ్ భాయ్‌కి ఫోన్ చేశా. రేపొస్తానన్నాడు."

"రేపా? రాత్రి వాన పడింది. ఆకు ఆరదు. వాణ్ణి ఆగమను. కత్తి..."

అక్కడ ఆగిపోయాడు. ఆమె వాక్యం పూర్తిచేయమన్నట్టు నిలబడింది. అతను పూర్తి చేయలేదు. ఆమె కొంగు దులుపుకొని వెళ్లిపోయింది.

పుల్ల నేల మీదే ఉంది. నన్నే సాహెబ్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలు అన్నదాంట్లో అబద్ధం ఎంత ఉందో వెతికాడు. ఆ తోట పాడుకావాలని అతను కోరుకోలేదు. అది నిజం. కానీ ఆమె కొంగు ముడి విప్పి పుల్ల బయటపెట్టినప్పుడు అతనికి మొదట కలిగింది బాధ కాదు. తను చెప్పిందే జరిగింది అన్న తేలిక. టీ కొట్టులో నవ్విన మొహాలు ఒక్క క్షణం కళ్ల ముందు కదిలాయి. బాధ వచ్చింది, కానీ ఆ తరువాతే వచ్చింది.